ఎమ్మెల్సీ ఫలితాలు, మండలి బలాబలాలు: అపోహలు - వాస్తవాలు

రెవెన్యూలో పనిచేసినన్నాళ్లూ నాకు ఎన్నికల డ్యూటీ తప్పలేదు. అసెంబ్లీ కౌంటింగ్ అయితే మధ్యాహ్నానికల్లా సంగతి తేలిపోయేది, సాయంత్రానికి ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునేవాళ్లం. పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్‌కి మాత్రం రెండు జతల బట్టలు సర్దుకుని బయల్దేరాలి. హాల్లో మేం ఇంకా కట్టలు కడుతుండగానే బయట "ఫలానా ఆయన గెలిచేశాడు" అని టపాసులు కాల్చేస్తారు. రిటైరయ్యాక కూడా ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: మొదటి ప్రాధాన్య ఓట్లలో ముందుంటే గెలిచినట్టే.

కాదు. ఈ ఎన్నికలో ఓటరు పేర్ల ఎదురుగా 1, 2, 3 అంటూ తనకిష్టమైన వరుసలో ప్రాధాన్యాలు వేస్తాడు. పట్టభద్రుల సీటు ఒక్కటే కాబట్టి, చెల్లిన ఓట్లలో సగం, దానిపైన ఒకటి రావాలి. అదే కోటా. లక్ష ఓట్లు చెల్లితే 50,001. పదుల సంఖ్యలో అభ్యర్థులుంటే మొదటి ప్రాధాన్యంలోనే అది దాటడం కష్టం, అప్పుడే అసలు పని మొదలవుతుంది. అందరికంటే తక్కువ వచ్చినవాణ్ని ఎలిమినేట్ చేసి, ఆయన కట్టలు విప్పి, ఒక్కో బ్యాలెట్ మీద తర్వాతి ప్రాధాన్యం ఎవరికుందో చూసి వాళ్ల ఖాతాలో వేస్తాం. తర్వాత ఆ పైవాడు, ఆ తర్వాత ఇంకొకడు. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్‌లో 93 మంది, నల్గొండ-ఖమ్మం-వరంగల్‌లో 71 మంది పోటీలో ఉన్నారు. బ్యాలెట్టే న్యూస్ పేపరంత ఉంటే లెక్కింపుకి రోజులు పట్టక ఏమవుతుంది?

2023 మార్చిలో పశ్చిమ రాయలసీమలో జరిగింది గుర్తుందా? మొదటి ప్రాధాన్యంలో వైఎస్సార్సీపీ అభ్యర్థి సుమారు 1,800 ఓట్ల ముందంజలో ఉన్నారు. కిందివాళ్లు ఒక్కొక్కరే పోతూ వచ్చేసరికి, ముఖ్యంగా వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ అభ్యర్థి ఓట్ల మీద ఉన్న రెండో ప్రాధాన్యాలు విప్పేసరికి, టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రామగోపాల్ రెడ్డి బయటపడ్డారు.

ఇంకో మాట. చివరి వరకూ ఎవరికీ కోటా రాకపోవచ్చు కూడా. చాలామంది 1 ఒక్కటే వేసి వదిలేస్తారు, వాళ్ల అభ్యర్థి పోగానే ఆ ఓటు ఎటూ పోకుండా ఆగిపోతుంది. అప్పుడు ఎలిమినేషన్లన్నీ అయ్యాక మిగిలినవాడే విజేత, కోటా అందకపోయినా.

అపోహ: రెండో ప్రాధాన్యం వేస్తే మనవాడికే దెబ్బ.

ఏజెంట్లే ఈ మాట ఊళ్లో ప్రచారం చేస్తారు, నాకు ఒళ్లు మండేది. ఒకే సీటున్న చోట మీ మొదటి అభ్యర్థి బరిలో ఉన్నంతసేపూ మీ 2ని ఎవరూ చూడను కూడా చూడరు. ఆయన పోయాకే అది లెక్కలోకి వస్తుంది. పోయినవాడికి ఇంకేం నష్టం?

అసలు నష్టం చెల్లని ఓట్లది. డిగ్రీలున్నవాళ్లే టిక్ పెడతారు, "ఒకటి" అని అక్షరాల్లో రాస్తారు, ఇద్దరికి 1 వేస్తారు, కొందరైతే సంతకం పెట్టి మరీ ఇస్తారు. 2024లో నల్గొండ-ఖమ్మం-వరంగల్ ఉప ఎన్నికలో చెల్లనివి 25 వేలు దాటాయి. వాళ్లిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్‌తో అంకె వేయడం, అంతే పని.

పట్టభద్రుల స్థానంలో పోటీ చేయడానికి డిగ్రీ ఉండాలన్నది కూడా అపోహే. ఓటుకి డిగ్రీ కావాలి, పోటీకి అక్కర్లేదని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. 30 ఏళ్లు నిండి, ఆ రాష్ట్రంలో ఓటరై ఉంటే చాలు. ఓటరుకేమో డిగ్రీ పూర్తయి మూడేళ్లు కావాలి, పైగా ప్రతి ఎన్నికకీ మళ్లీ ఫారం 18 ఇచ్చి నమోదు చేసుకోవాలి. పోయినసారి ఓటేశాను కదా అని ధీమాగా వచ్చి, జాబితాలో పేరు లేక గొడవపడ్డవాళ్లని ఎంతమందిని చూశానో.

అపోహ: అసెంబ్లీ ఊడ్చేస్తే మండలి కూడా వాళ్లదే.

ఇక్కడే లెక్క సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది. ఎమ్మెల్యేలు ఎన్నుకునేవారు 20, స్థానిక సంస్థల నుంచి 20, పట్టభద్రులు 5, ఉపాధ్యాయులు 5, గవర్నర్ నామినేట్ చేసేవారు 8. తెలంగాణలో 40 మంది: 14, 14, 3, 3, 6. అంటే మేం రాత్రింబగళ్లు కూర్చుని లెక్కపెట్టేది, టీవీల్లో అంత హడావుడి జరిగేది, 58లో పది సీట్ల కోసం. అసలు బలం ఆ రెండు ఇరవైల్లో ఉంటుంది. స్థానిక సంస్థల కోటాలో ఓటేసేది ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు, కార్పొరేటర్లు. కాబట్టి పరిషత్, మున్సిపల్ ఎన్నికలప్పుడు ఎప్పుడో వీచిన గాలి మండలిలో ఏళ్ల తర్వాత కూడా వీస్తూనే ఉంటుంది.

సభ్యుడి పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, సభ మాత్రం అసెంబ్లీలా ఐదేళ్లకోసారి రద్దవదు. 2024లో 175 అసెంబ్లీ సీట్లలో వైఎస్సార్సీపీకి దక్కినవి 11, అయినా అప్పుడు మండలిలో సగానికి పైగా వాళ్లే. అసెంబ్లీలో ప్రతిపక్ష నేత హోదా రాని పార్టీకి మండలిలో వచ్చింది. చీపురుపల్లిలో ఓడిన బొత్స సత్యనారాయణ ఆ ఆగస్టులోనే విశాఖ స్థానిక సంస్థల సీటు నుంచి పోటీ లేకుండా గెలిచి, మండలిలో ప్రతిపక్ష నేత కుర్చీలో కూర్చున్నారు.

అపోహ: ఎమ్మెల్యే కోటా ఎన్నిక లాంఛనమే, తలలు లెక్కపెడితే సరి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి చూడండి. ఏడు సీట్లు, 175 ఓట్లు. ఇక్కడ లెక్క వేరు: ఒక్కో ఓటు విలువ 100. మొత్తం 17,500ని సీట్ల కంటే ఒకటి ఎక్కువతో, అంటే ఎనిమిదితో భాగించి ఒకటి కలిపితే 2,188. అంటే 22 ఓట్లుంటే గట్టెక్కినట్టే. టీడీపీ వెంట నికరంగా నిలిచింది 19 మంది, ఆ పార్టీ అభ్యర్థి పంచుమర్తి అనురాధకి పడ్డవి 23. రాజ్యసభకైతే ఓటు పార్టీ ఏజెంటుకి చూపించాలి, మండలికి రహస్య ఓటు. ఆ తర్వాత వైఎస్సార్సీపీ, అవతలివాళ్లకి ఓటేశారంటూ తన నలుగురు ఎమ్మెల్యేలని సస్పెండ్ చేసింది.

అపోహ: మండలిలో మెజారిటీ లేకపోతే ప్రభుత్వం పడిపోతుంది, లేదా బిల్లు చచ్చిపోతుంది.

రెండూ కావు. మంత్రివర్గం జవాబు చెప్పాల్సింది అసెంబ్లీకే. ద్రవ్య బిల్లుని మండలి 14 రోజులే ఉంచుకోగలదు. మామూలు బిల్లుకి మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల. ఉమ్మడి సమావేశం అనేది రాష్ట్రాల్లో లేదు. అయితే ఆ నాలుగు నెలలు తక్కువేం కాదు. మూడు రాజధానుల బిల్లులు 2020 జనవరి 20న అసెంబ్లీ దాటాయి, 22న మండలి ఛైర్మన్ షరీఫ్ తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లుని పరిశీలించే సభ్యుల సంఘానికి, పంపారు. జూన్‌లో అసెంబ్లీ మళ్లీ పాస్ చేసింది, గవర్నర్ సంతకం జులై 31న పడింది. బిల్లులు ఆగలేదు, ఆర్నెల్లు ఆలస్యమయ్యాయి.

చివరిగా, అసెంబ్లీ తీర్మానం చేస్తే మండలి పోతుందనుకుంటారు. తీర్మానం చేసేది అసెంబ్లీ, రద్దు చేసేది పార్లమెంటు. ఎన్టీఆర్ హయాంలో 1983లో తీర్మానం చేస్తే రద్దయింది 1985లో, మళ్లీ పుట్టింది 2007లో. మండలిలో బిల్లులకి అడ్డుపడ్డారన్న కోపంతో వైఎస్సార్సీపీ ప్రభుత్వం 2020 జనవరి 27న అసెంబ్లీలో 133-0తో చేయించిన తీర్మానం ఢిల్లీలోనే ఉండిపోయింది. 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకుంది ఆ ప్రభుత్వమే, అప్పటికి మండలిలో మెజారిటీ వాళ్లదే అయింది మరి.