సున్నం మెసేజ్ ఎవరు రాశారు?

గుంటలు ఎండగట్టే రోజులు వచ్చాయంటే నెల్లూరు, ప్రకాశం తీరంలోని రొయ్య రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పాత తగాదా మళ్ళీ లేస్తుంది. ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను ఆపేసే సూక్ష్మ పరాన్నజీవి) తగిలిన గుంటను తర్వాతి పంటకు సున్నంతో ఎలా సిద్ధం చేయాలో చెప్పే ఒక పేజీ నోటు తిరుగుతుంది. కింద రొయ్యల మందుల షాపు లోగో ఉంటుంది. రెండు రోజులకు అవే వాక్యాలు ఇంకో షాపు లోగోతో వస్తాయి. మూడో రోజు ఒక టెక్నీషియన్ వచ్చి, ఇది నేను రాసింది, నా పేరెందుకు తీశారని నిలదీస్తాడు. అడ్మిన్ ఇద్దరికీ సర్దిచెప్పి, "మనకు సమాచారం ముఖ్యమన్నా, పేరు కాదు" అని తేల్చేస్తాడు. అసలు చిక్కంతా ఆ తీర్పులోనే ఉంది.

టైగర్ రొయ్య రోజులు, 1994లో తెల్లమచ్చ వైరస్ దెబ్బ, 1996 డిసెంబరులో రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు తీర్పు, 2009లో వనామీ రొయ్య రాక ఇక్కడ అందరికీ తెలిసినవే. ఈ తగాదాకు వాటిలో కావలసిన ముక్క ఒక్కటే. ఆ రోజుల్లో సలహా మనిషితో వచ్చేది. టెక్నీషియన్ గట్టు మీద నిలబడి చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్ళెం) చూసి, చీటీ మీద మోతాదు రాసిచ్చేవాడు. పంట పోతే ఎవర్ని అడగాలో రైతుకు తెలుసు. వాట్సాప్ వచ్చిన మొదట్లోనూ ఆ తీరు పెద్దగా మారలేదు. నోటు కింద పేరూ ఫోన్ నంబరూ ఉండేవి, వాటితోపాటే అది ఊళ్ళు తిరిగేది.

మలుపు 2018 జులైలో వచ్చింది. దానికి రొయ్యతో సంబంధమే లేదు. వదంతులు నమ్మి జనం మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు దేశమంతా కలకలం రేపాక, వాట్సాప్ రెండు పనులు చేసింది. ఒకరి నుంచి ఇంకొకరికి పంపిన మెసేజ్ పైన 'ఫార్వర్డెడ్' అని ముద్ర వేయడం మొదలుపెట్టింది. భారతదేశంలో ఒక దఫాకు ఐదు చాట్లకు మించి పంపకుండా అడ్డు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో ఇంకాస్త బిగించి, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్ దఫాకు ఒక్క చాట్‌కే పోయేలా చేసింది.

ముప్పై, నలభై గ్రూపుల్లో ఉండే మందుల వ్యాపారికి ఇది రెండు విధాల ఇబ్బంది. ఐదైదు చొప్పున పంపడం విసుగు. పైగా నోటు తనది కాదని ఆ ముద్రే చాటుతుంది. దాటడం మాత్రం తేలిక. మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి, కాపీ కొట్టి, కొత్త మెసేజ్‌గా పెడితే ముద్ర పోతుంది, పరిమితీ వర్తించదు. ఎటూ చేతిలోకి వచ్చిన అక్షరాలే కదా, కింద పేరున్న వరుస చెరిపేసి షాపు పేరు కొట్టడానికి ఎంతసేపు? వదంతుల్ని నెమ్మదింపజేయడానికి పెట్టిన అడ్డు, రాసినవాడి పేరు తుడిచే అలవాటును ఇంటింటికీ నేర్పింది. అంతకుముందు పేరు తీయాలంటే పనిగట్టుకుని తీయాలి. ఆ తర్వాత ఉంచాలంటేనే పనిగట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాతి మెట్టు పోస్టరు. కాపీ కొట్టిన నోటును రంగుల టెంప్లేటులో మళ్ళీ టైపు చేసి బొమ్మగా పంపుతారు. బొమ్మలోని అంకెను వెతకలేం, దిద్దలేం. అంకెలు మారేది ఎక్కువగా ఈ మళ్ళీ టైపు చేసే దగ్గరే.

సున్నం నోటునే తీసుకోండి. అందులోని అసలు సలహా థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలది. ఈహెచ్‌పీ వ్యాప్తిని అరికట్టమంటూ వాళ్ళు రాసిన విజ్ఞప్తిని బ్యాంకాక్ కేంద్రంగా నడిచే 'నాకా' (ఆసియా-పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల నెట్‌వర్క్) సంస్థ దాదాపు పదేళ్ళ కిందట ప్రచురించింది. అది చెప్పేది ఇదీ: గుంట అడుగు పూర్తిగా ఎండాలి. హెక్టారుకు కనీసం 6 టన్నుల కాల్చిన సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, చల్లి 10-12 సెంటీమీటర్ల లోతు దాకా దున్నాలి. ఆ తర్వాతే తడపాలి. మట్టి పీహెచ్ 12కు, ఇంకా పైకి ఎక్కాలి. వారం వదిలేయాలి. పొడి మట్టిలో కలిసిన సున్నం తడి తగలగానే రాజుకుని పీహెచ్‌ను ఒక్కసారిగా లేపుతుంది. ఈహెచ్‌పీ స్పోరును, అంటే మట్టిలో దాగే దాని బీజాన్ని, చంపేది ఆ ఘాటే. రెండు మూడు రోజుల్లో పీహెచ్ దానంతటదే దిగివస్తుంది.

ఇందులో ఏ మాట జారినా పని చెడుతుంది. మొదట జారేది హెక్టారు. ఇక్కడ లెక్కంతా ఎకరాల్లో కాబట్టి టైపు చేసేవాడి వేలు ఎకరం దగ్గరికే పోతుంది. హెక్టారుకు 6 టన్నులంటే ఎకరాకు సుమారు 2,430 కిలోలు, యాభై కిలోల బస్తాలు 49. హెక్టారు ఎకరంగా మారితే 120 బస్తాలవుతాయి. అంత ఖర్చు చూసి జడిసిన ఇంకొకరు ఒక సున్నా ఎగరగొడితే 12 బస్తాలకు దిగుతుంది. పన్నెండు బస్తాల సున్నానికి గట్టు తెల్లబడుతుంది గానీ పీహెచ్ 12 చేరదు.

రెండోది సున్నం అనే మాటే. 'కాల్చిన' అన్న విశేషణం ఎగిరిపోతే రైతు షాపుకెళ్ళి సున్నం అడుగుతాడు, షాపువాడు వ్యవసాయ సున్నం ఇస్తాడు. అది కాల్షియం కార్బొనేట్. నీటిలో క్షారత నిలబెట్టడానికి మంచిదే, కానీ ఎంత పోసినా మట్టి పీహెచ్ 12 దరిదాపులకు పోదు. కాల్చిన సున్నమే తెచ్చినా, బస్తా విప్పి నెలల తరబడి వదిలేస్తే గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చి అదీ మెల్లగా కార్బొనేట్‌గా మారిపోతుంది. గడ్డకట్టిన, పగిలిన బస్తాలు చౌకగా వచ్చాయంటే కారణం ఇదే.

మూడోది వరుస. పోస్టరులో చోటు చాలదని నాలుగు మెట్లను రెండు చేసినప్పుడు తడపడం ముందుకు, దున్నడం వెనక్కు పోతాయి. తడి నేల మీద చల్లిన సున్నం పైపొరలోనే రాజుకుని చల్లారుతుంది. లోపలి మట్టిలోని స్పోర్లు క్షేమంగా ఉంటాయి. కొత్త సీడ్ (రొయ్య పిల్లలు) వేశాక ఎదుగుదల ఆగిపోతే, సీడ్ బాగాలేదని దాన్ని అమ్మిన హ్యాచరీ మీద పడతారు.

పేరు తీసేయడం మర్యాదకు సంబంధించిన సంగతి కాదని టెక్నీషియన్లు అనేది ఇందుకే. కింద పేరుంటే "అన్నా, ఇది ఎకరాకా, హెక్టారుకా?" అని అడగడానికి ఒక నంబరు ఉంటుంది. రాసినవాడు తర్వాత మోతాదు సవరిస్తే ఏది కొత్తదో తేల్చుకోవచ్చు. షాపు లోగోకు ఫోన్ చేస్తే అవతలివాడికి తెలిసింది కూడా ఆ పోస్టరులో ఉన్నంతే.

షాపుల వాదన క్లుప్తంగా ఇది: పది మంది రైతులకు పనికొస్తుందని పంపాం, సమాచారం ఎవరి సొత్తూ కాదు. రెండో మాట చట్టప్రకారం సగం నిజం. సంగతికీ ఆలోచనకూ కాపీరైటు లేదు, వాటిని చెప్పిన తీరుకే ఉందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హెక్టారుకు 6 టన్నులన్నది ఎవరైనా చెప్పొచ్చు. ఒకరు కూర్చిన వాక్యాల్ని ఉన్నవి ఉన్నట్టు ఎత్తుకోవడం వేరు. 1957 కాపీరైటు చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండానే రాసిన క్షణం నుంచి రక్షణ ఉంది. 57వ సెక్షన్ ఇంకో మెట్టు ముందుకెళ్ళి, హక్కులు అమ్మేసుకున్నాక కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కును, పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కును రచయితకే ఉంచింది. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు శిక్ష తగ్గించవచ్చు. లోగో వేసి మందు అమ్ముకునేవాడికి ఆ వెసులుబాటు దొరకడం కష్టం. ఒక పేజీ నోటు కోసం కోర్టుకెక్కేవాడు ఎవడన్నది వేరే ప్రశ్న.

ఫిర్యాదు చేసేవాళ్ళ చేతులూ పూర్తిగా శుభ్రంగా లేవు. తెలుగులో చక్కగా రాసినందుకు ఆ తెలుగు వాక్యాల మీద టెక్నీషియన్‌కు హక్కు వాదించుకునే వీలుంది, మోతాదు మీద లేదు. థాయ్ శాస్త్రవేత్తల ఊసు, నాకా పేరు ఎత్తకుండా నోటు మొదలుపెట్టి, తన పేరు పోయిందని వాపోతే గ్రూపులో ఎవరికీ జాలి కలగదు. ఇంగ్లిష్ నుంచి తెచ్చుకున్నవాడు ఆ మాట మొదటి వరుసలోనే చెబితే, మోతాదు మీద అనుమానం వచ్చినవాడు నేరుగా మూలానికే వెళ్ళి చూసుకుంటాడు. ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివిన పిల్లలు తీరమంతా ఉన్నారు. ఇంగ్లిష్ మూలం చదివిపెట్టే మనిషికి ఇక్కడ కొరత లేదు.

మైక్రోస్కోపు ఫొటోలదీ ఇదే కథ, ఇంకాస్త ముదిరింది. ఈహెచ్‌పీ స్పోరు పొడవు మైక్రానుకు కాస్త ఎక్కువ. మామూలు ల్యాబులో దాన్ని గుర్తుపట్టడమే కష్టం, పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేస్తేగానీ ఖాయం కాదు. ఎక్కడిదో ఒక స్లైడు ఫొటో అంచులు కత్తిరించి, ఫలానా ఊరి గుంటలో బయటపడిందని రాస్తే, ఆ పక్క గుంటలవాళ్ళు భయపడి కౌంటు రాకముందే, అంటే రొయ్య అమ్మకం సైజుకు ఎదగకముందే, పట్టుబడి పెట్టేస్తారు.

కొందరు అడ్మిన్లు ఇప్పుడు మోతాదు ఉన్న మెసేజ్‌కు కింద ఒక వరుస తప్పనిసరి చేయాలంటున్నారు. అందులో ఎవరు రాశారు, ఏ నెల ఏ ఏడు, లెక్క ఎకరాకా హెక్టారుకా, మూలం ఏది, నువ్వు మార్చింది ఏమైనా ఉంటే ఏమిటి అన్నవి ఉండాలి. బొమ్మగా కాక అక్షరాలుగానే పెట్టాలి. ఉదాహరణకు సున్నం నోటు కింద ఇలా వస్తుంది: "మూలం నాకా విజ్ఞప్తి, హెక్టారుకు 6 టన్నులు, ఎకరాకు 2,430 కిలోలని లెక్కగట్టింది నేను, కాల్చిన సున్నం మాత్రమే." ఈ వరుస తీసేసి పంపినవాణ్ణి గ్రూపులో ఉంచాలా, తీసేయాలా అన్న దగ్గర మాత్రం మాట కుదరలేదు, ఎందుకంటే చాలా గ్రూపుల్లో అడ్మిన్ షాపువాడే.