థ్రోటిల్ లాక్ వేరు, క్రూజ్ కంట్రోల్ వేరు: బైకు నడిపేవాళ్ల అపోహలు, వాస్తవాలు

సంక్రాంతికి పది రోజుల ముందు నుంచి వనస్థలిపురంలో మా షెడ్డుకి వచ్చే బళ్లలో సగానికి పైగా విజయవాడ రోడ్డు పట్టేవే. ఆయిల్ మార్చడం, చైన్ బిగించడం, బ్రేక్ ప్యాడ్లు చూడటం ఎప్పుడూ ఉండే పనులు. ఈ మధ్య వాటికి ఇంకొకటి తోడైంది. "అన్నా, ఆన్‌లైన్ల క్రూజ్ కంట్రోల్ మూడొందలకే ఉంది, తెప్పిస్తే పెడ్తవా?" అని ఫోన్ చూపిస్తారు. అందులో ఉండేది అరచెయ్యి ఆనించుకునే ప్లాస్టిక్ రెక్క. దాని పక్కన పెద్ద అక్షరాలతో 'క్రూజ్' అని ఉంటుంది. ఆ ఒక్క మాటను నమ్మి హైవే ఎక్కేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. అందుకే తెలిసినంతవరకు వివరంగా చెబుతున్నాను.

అపోహ: లాక్ అన్నా, క్రూజ్ అన్నా ఒకటే

కాదు. ఒకే పేరుతో అమ్ముతున్నవి మూడు వేర్వేరు వస్తువులు. మొదటిది పామ్ రెస్ట్. గ్రిప్‌కి క్లిప్పులా తగిలిస్తాం. వేళ్లు బిగించి పట్టుకోకుండా అరచేతి బరువుతోనే రేస్ నిలుస్తుంది. చెయ్యి తీస్తే రేస్ పడిపోతుంది. రెండోది థ్రోటిల్ లాక్. రాపిడితో గ్రిప్‌ని తిప్పినచోటే ఆపి ఉంచుతుంది. చెయ్యి తీసినా రేస్ తగ్గదు. మూడోది అసలైన క్రూజ్ కంట్రోల్. అది చక్రం వేగాన్ని సెన్సర్‌తో చదువుతూ, తగ్గితే రేస్ పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. బ్రేకో క్లచ్చో పట్టగానే తనంతట తానే ఆగిపోతుంది.

లాక్‌కి స్పీడు సంగతి తెలియదు. గ్రిప్ ఎంత తిరిగి ఉందో అంతే పట్టి ఉంచుతుంది. 150 సీసీ బండి మీద చదును రోడ్డులో 70 దగ్గర లాక్ వేశారనుకోండి, ఫ్లైఓవర్ ఎక్కేసరికి 60కి పడుతుంది, దిగేసరికి 80 దగ్గరకు వస్తుంది. ఎదురుగాలి వస్తే ఒక లెక్క, లారీ వెనక చేరితే ఇంకో లెక్క.

"మరి ట్రాక్టర్‌కు చేతి ఎక్సలేటర్ ఉంటది కదన్నా, అట్ల పెట్టి ఇడ్సిపెడితే ఒక్కతీరుగ పోతది కదా" అని నల్గొండ వైపు తమ్ముళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న. ట్రాక్టర్‌లో ఆ లివర్ వెనక గవర్నర్ అనే పరికరం ఉంటుంది. నాగలి బరువు పడి ఇంజిను కుంగితే గవర్నరే డీజిల్ పెంచుతుంది, బరువు తగ్గితే తగ్గిస్తుంది. అంటే అక్కడ లివర్ చెప్పేది "ఇన్ని తిరుగుళ్ల దగ్గర ఉంచు" అని. బైకు లాక్ చెప్పేది "ఇంజినులోకి గాలి పోయే తలుపు ఇంత తెరిచి ఉంచు" అని మాత్రమే. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, చేసే పని వేరు.

కార్ల క్రూజ్ కంట్రోల్ పుట్టుక కూడా గవర్నర్ నుంచే. చిన్నప్పుడే చూపు కోల్పోయిన అమెరికా ఇంజనీరు రాల్ఫ్ టీటర్‌కి 1950లో దాని మీద పేటెంట్ వచ్చింది. 1958లో క్రైస్లర్ కార్లలో అమ్మకానికి వచ్చింది. ఆయన పరికరం మొదట్లో చేసిన పని, పెట్టుకున్న వేగం దాటబోతే పెడల్‌ని ఎదురు నెట్టడం. అంటే మొదటి నుంచీ వేగాన్ని కొలవడమే దాని ప్రాణం. కొలవనిదాన్ని ఆ పేరుతో పిలవకూడదని నా పట్టుదల.

అపోహ: ఇంజెక్షన్ బండి కదా, ఒక బటన్ పెడితే క్రూజ్ వచ్చేస్తుంది

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. ఈసీయూ, అంటే ఇంజిను కంప్యూటర్, ఉంది కాబట్టి అన్నీ అదే చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. కానీ వాటిలో ఎక్కువ బళ్లకి థ్రోటిల్ ఇప్పటికీ ఉక్కు కేబుల్‌తోనే తెరుచుకుంటుంది. ఈసీయూ ఆ తలుపు ఎంత తెరుచుకుందో సెన్సర్‌తో చూసి పెట్రోలు లెక్క కడుతుంది, అంతే. తలుపుని తాను తిప్పలేదు. తిప్పాలంటే అక్కడ చిన్న మోటారు ఉండాలి. దాన్నే రైడ్ బై వైర్ అంటారు.

మీ బండి ఏ రకమో తెలుసుకోవడం తేలిక. కుడి గ్రిప్ దగ్గర నుంచి లోపలికి పోయేదాన్ని చేత్తో పట్టుకుంటూ వెళ్లండి. గ్రిప్ తిప్పినప్పుడు థ్రోటిల్ బాడీ దగ్గర కేబుల్ లాగుతుంటే మీది కేబుల్ బండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయినా, ఇంటర్‌సెప్టర్ 650 అయినా ఆ కోవలోవే. హిమాలయన్ 450కి రైడ్ బై వైర్ ఉంది గానీ కంపెనీ క్రూజ్ ఇవ్వలేదు. మోటారు ఉన్నా సాఫ్ట్‌వేర్‌లో ఆ పని రాసి ఉండాలి. బటన్ తెచ్చి వైరు కలిపినంత మాత్రాన రాదు.

కేబుల్ బండికి అసలైన క్రూజ్ పెట్టాలంటే కేబుల్‌ని లాగే యంత్రం ఒకటి విడిగా బిగించాలి. విదేశాల్లో పాత కార్ల వ్యాక్యూమ్ కిట్లను, అంటే ఇంజిను గాలి పీల్పుతో కేబుల్‌ని లాగేవాటిని, బైకులకి బిగించుకునేవాళ్లు ఉన్నారు. మన బళ్లలో ఎక్కువ ఒంటి సిలిండర్‌వి. ఆ పీల్పు కుదుపులతో వస్తుంది, దాన్ని నిలకడ చేయడానికి ట్యాంకు, వాల్వు మళ్లీ పెట్టాలి. లక్షన్నర బండి మీద ఆ తలనొప్పి వద్దనే చెబుతాను.

నిజంగా చవకలో క్రూజ్ కావాలంటే, అది ఉన్న బండి కొనడమే ఇప్పుడు చవక దారి. 2023లో అపాచీ ఆర్‌టీఆర్ 310కి వచ్చింది. 2025లో హీరో గ్లామర్ ఎక్స్ 125 లక్ష లోపు ఎక్స్‌షోరూం ధరకి క్రూజ్‌తో వచ్చింది. 125 సీసీ బండికి ఇది వస్తుందని పదేళ్ల కింద ఎవరైనా చెబితే నేను నమ్మేవాడిని కాదు.

అపోహ: పామ్ రెస్ట్ వల్ల ఏ ప్రమాదమూ ఉండదు

హైవే మీద నిజమే, అన్నిటికంటే మంచిది అదే. రెండు మూడు వందల లోపు దొరుకుతుంది, తీసేయడానికి రెండు సెకన్లు. చేతి బరువు తీయగానే రేస్ పడుతుంది కాబట్టి నేను ముందు దీన్నే సిఫారసు చేస్తాను.

సిటీలో మాత్రం వద్దు. డెలివరీ పని చేసే తమ్ముళ్లు రోజుకి పది పన్నెండు గంటలు బండి మీద ఉంటారు. మణికట్టు నొప్పి వాళ్లకి నిజమైన బాధ. అందుకే ఇది తగిలించుకుని దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో తిరుగుతుంటారు. ఎదురుగా ఆటో ఠక్కున ఆగితే వేళ్లు బ్రేక్ లివర్ కోసం ముందుకు సాగుతాయి. ఆ కదలికలో అరచెయ్యి కిందికి ఒత్తుకుంటుంది, కింద రెక్క ఉంటుంది. బ్రేకూ పడుతుంది, రేసూ పెరుగుతుంది. పార్కింగ్‌లో బండి పక్కన నిలబడి నెట్టేటప్పుడు కూడా ఇంజిను ఆన్‌లో ఉంటే ఇదే జరుగుతుంది, బండి ఎగిరి గోడకి గుద్దుకుంటుంది. అలా వంగిన ఫోర్కుతో మా దగ్గరకి వచ్చిన బండి ఒకటి కాదు.

బిగించేటప్పుడు రెక్కని పైకి లేపి పెట్టకండి. మీరు మామూలుగా నడిపే స్పీడు దగ్గర గ్రిప్ ఎంత తిరిగి ఉంటుందో చూసుకుని, ఆ స్థితిలో రెక్క మీ అరచేతి మడమకి సమంగా తగిలేలా పెట్టండి. రేస్ పూర్తిగా మూసినప్పుడు బ్రేక్ పడితే చెయ్యి దానికి తగలకూడదు.

అపోహ: ట్యూబు ముక్కో, ఓ-రింగో ఇరికిస్తే లాక్ అయిపోతుంది, డబ్బులెందుకు దండగ

ఇది నేనూ చేశాను. పదిహేనేళ్ల కిందటి మాట. సైకిల్ ట్యూబు కోసి గ్రిప్‌కీ హ్యాండిల్ చివర ఉండే బరువుకీ మధ్య ఇరికించి సూర్యాపేట బయలుదేరాను. చిట్యాల దగ్గర డివైడర్ సందులోంచి గేదెలు అడ్డం వచ్చాయి. అలవాటు కొద్దీ గ్రిప్ వదిలేసి బ్రేక్ పట్టాను. రేస్ తగ్గలేదు. ఇంజిను ముందుకి తోస్తుంటే బ్రేకు వెనక్కి లాగుతోంది. క్లచ్ నొక్కి, ఇంజిను ఆపే ఎర్ర కిల్ స్విచ్ వేసేలోపు వెనక చక్రం పక్కకి జారింది. గేదెల ముందు మూడు గజాల్లో ఆగాను. ఆ రోజు నా వెనక మా ఆవిడ కూర్చుని ఉంది.

రబ్బరు ఎండకి మెత్తబడి అతుక్కుంటుంది, చలికి బిగుస్తుంది. మన రోడ్ల దుమ్ము చేరితే ఒకరోజు పట్టినట్టు ఇంకోరోజు పట్టదు. పైగా దాన్ని వదిలించడానికి మీట ఉండదు. సరైన లాక్‌లో ఉండాల్సింది ఆ మీటే. చెయ్యి గ్రిప్ మీద ఉండగానే బొటనవేలితో వేయగలగాలి, అదే వేలితో తీయగలగాలి. లాక్ వేసి ఉన్నా చేత్తో వెనక్కి తిప్పితే గ్రిప్ తిరగాలి. అట్లాస్ లాంటి విదేశీ లాక్‌లు ఈ పద్ధతిలోవే. దిగుమతి ఖర్చుతో అట్లాస్ పది వేలు దాటుతుంది. రాణిగంజ్‌లో, పుత్లీబౌలిలో, ఆన్‌లైన్‌లో దొరికే అల్యూమినియం లాక్‌లు వెయ్యి రూపాయల అటూ ఇటూ ఉంటాయి. వాటిలో పనికొచ్చేవీ ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. తేల్చడానికి నేను చేసే పరీక్ష ఇది.

ఇంజిను ఆపి బండిని మెయిన్ స్టాండ్ వేస్తాను. లాక్ లేకుండానే ముందు గ్రిప్ పూర్తిగా తిప్పి వదిలేస్తాను. హ్యాండిల్ నేరుగా ఉన్నా, ఎడమ చివరికి తిప్పినా, కుడి చివరికి తిప్పినా గ్రిప్ టక్కున మూసుకోవాలి. ఎక్కడైనా మెల్లగా వెనక్కి వస్తే ఆ బండికి ఏ లాకూ పెట్టను, ఎంత బతిమాలినా సరే. ఆ తర్వాత లాక్ బిగించి, వేసి, గ్లవ్ తొడుక్కున్న చేత్తో వెనక్కి తిప్పుతాను. మణికట్టు బలం అంతా పెట్టాల్సి వస్తే అది తిరస్కరణే. ఆఖరున లాక్ తీసేసి మొదటి పరీక్ష మళ్లీ చేస్తాను. బిగింపులో లాక్ బాడీ స్విచ్ డబ్బాకి రాసుకుంటే ఇక్కడ బయటపడుతుంది.

అపోహ: చెయ్యి నొప్పికి మందు లాకే

ఈ ఒక్కటీ చదివి మిగతాది వదిలేసినా పర్వాలేదు. లాక్ కోసం వచ్చే పదిమందిలో ఏడెనిమిది మందికి లాక్ అక్కర్లేదు. వాళ్ల గ్రిప్ నేను తిప్పి చూస్తే బిందె ఎత్తినంత బరువు ఉంటుంది. కేబుల్ ఎండిపోయి ఉంటుంది, లేదా ట్యాంకు కింద మడత పడి ఉంటుంది. ఎప్పుడో పడ్డప్పుడు హ్యాండిల్ కాస్త వంగి, గ్రిప్ లోపలి గొట్టం దానికి రాసుకుంటుంటుంది. కొత్త గ్రిప్ వేసినవాళ్లు దాన్ని లోపలికి మరీ నెట్టేసి స్విచ్ డబ్బాకి తగిలించి ఉంటారు. కేబుల్ మారిస్తే, దారి సరిచేస్తే గ్రిప్ చిటికెన వేలితో తిరుగుతుంది. చాలా బళ్లకి కేబుల్ ఖరీదు పామ్ రెస్ట్ కంటే పెద్ద ఎక్కువేం కాదు. ఒక జాగ్రత్త, లోపల నైలాన్ పొర ఉన్న కేబుళ్లలోకి చిక్కటి గ్రీజు ఎక్కించకండి. దుమ్ము పట్టి మునుపటికంటే మొండికేస్తుంది.

తర్వాత బ్రేక్ లివర్ కోణం. సీటు మీద మామూలుగా కూర్చుని చేతులు చాపితే ముంజేయి, వేళ్లు, లివర్ ఒకే వరసలో ఉండాలి. షోరూం నుంచి వచ్చిన బండి మీద లివర్ పైకి ఉంటే మణికట్టు రోజంతా విరిగినట్టే ఉంటుంది. రెండు బోల్టులు వదులు చేసి సరిచేసేది, ఐదు నిమిషాల పని. ట్యాంకుని మోకాళ్లతో పట్టుకుంటే చేతుల మీద బరువు ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ చేశాక కూడా వేళ్లు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకి చూపించుకోండి.

మిగతావి కొన్ని

లాక్ వేస్తే మైలేజీ పెరుగుతుందంటారు. మైలేజీ తేల్చేది స్పీడు. 80 నుంచి 100కి వెళ్తే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఏ లాకూ దాన్ని వెనక్కి తేలేదు.

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద హాయిగా వేసుకోవచ్చంటారు. ఓఆర్‌ఆర్ ప్రధాన రోడ్డు మీదకి బైకులని రానివ్వరు. సర్వీసు రోడ్డేమో ఊళ్లూ మలుపులూ ఉన్న రోడ్డు, అక్కడ లాక్ మాట ఎత్తొద్దు. శ్రీశైలం ఘాట్, వాన పడ్డ రోడ్డు, జనవరి పొద్దుటి మంచు, వీటిలోనూ అంతే.

కంపెనీ క్రూజ్ ఆన్‌లో ఉండగా బ్రేక్ కొడితే ఇంజిను పాడవుతుందని కొందరు భయపడతారు. పాడవదు, బ్రేక్ స్విచ్ సంకేతంతో క్రూజ్ ఆగిపోతుంది. "క్రూజ్ పడటం లేదు" అని వచ్చే బళ్లలో మొదట వెనక లైటు చూడండి. కాలి బ్రేక్ స్విచ్ సర్దుబాటు తప్పి బ్రేక్ లైటు వెలుగుతూనే ఉంటే, బ్రేక్ నొక్కి ఉందనుకుని బండి క్రూజ్ తీసుకోదు.

ఎలక్ట్రిక్ స్కూటర్లకి క్రూజ్ సులువు, ఎందుకంటే అక్కడ గ్రిప్ పంపేది కరెంటు సంకేతమే. చవక కంట్రోలర్లలో (మోటారుకి కరెంటు పంపే పెట్టెల్లో) క్రూజ్ కోసం ఒక వైరు ఖాళీగా వదిలి ఉంటుంది. దాన్ని కలిపే ముందు బ్రేక్ కటాఫ్ వైరు నిజంగా కలిసి ఉందో లేదో చూడాలి. చక్రం గాల్లో లేపి తిప్పి, బ్రేక్ లివర్ కాస్త లాగితే మోటారు వెంటనే ఆగాలి. ఆగకపోతే క్రూజ్ వైరు ముట్టుకోవద్దు.

"లాక్ పెట్టినంక చెయ్యి ఇడ్సి ఫోన్ చూస్కోవచ్చా?" అని అడిగినవాళ్లకి లెక్క చెబుతాను. 80 స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. గేదె కనపడి చెయ్యి గ్రిప్ మీదకి వచ్చేసరికి రెండు సెకన్లు పడితే 44 మీటర్లు అయిపోయాయి, బ్రేక్ ఇంకా మొదలే కాలేదు. లాక్ వేసేది అరచెయ్యి తెరిచి మూసి, వేళ్లు విదిలించుకుని, నాలుగైదు ఊపిరుల్లో మళ్లీ పట్టుకోవడానికి.

రేస్ ఎప్పుడైనా ఇరుక్కుంటే క్లచ్ నొక్కండి, అదే క్షణం కిల్ స్విచ్ వేయండి. ఇంజిను ఎంత అరిచినా చక్రానికి బలం అందదు. మా షెడ్డుకి వచ్చే చాలా బళ్లలో ఆ ఎర్ర స్విచ్‌ని కొన్నప్పటి నుంచి ఎవరూ నొక్కి ఉండరు. కొన్నిటిలో మట్టి పట్టి కదలదు కూడా. అందుకే లాక్ బిగించిన ప్రతి బండినీ ఇచ్చేముందు స్టార్ట్ చేసి, ఓనరు చేతే ఆ స్విచ్ నొక్కించి, ఇంజిను ఆగాకే తీసుకెళ్లమంటాను.