సుంకం లేకపోయినా మన పచ్చి రొయ్యకి ఆస్ట్రేలియా గేటు ఎందుకు తెరవలేదు

2022 డిసెంబర్ 29న ఇండియా-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది, ఇక మన రొయ్యలకి అక్కడ తిరుగులేదు అని చాలామంది అనుకున్నారు. కానీ పొట్టు తీయని పచ్చి రొయ్య మాత్రం అప్పుడు వెళ్లలేదు, ఎందుకంటే అడ్డం సుంకం కాదు, వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు, మన రైతులు తెల్లమచ్చ అంటారే అది.

ఈ వైరస్ మనుషుల్ని ఏమీ చేయదు గానీ రొయ్యకి సోకితే కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ, ఫ్రీజ్ చేసినా చావదు. 2016 చివర్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లోగన్ నది పక్క చెరువులకి వచ్చింది, దిగుమతి రొయ్యల్ని చేపలకి ఎరగా వేయడం వల్లే అని గట్టి అనుమానం. 2017 జనవరిలో పచ్చి రొయ్యల దిగుమతే ఆపేశారు, జులైలో మళ్లీ వదిలారు గానీ టెస్టులు, కండిషన్లు బాగా బిగించారు.

వాళ్ల భయం సాకు అని నేను అనను. 1994-95లో నెల్లూరు చుట్టుపక్కల టైగర్ రొయ్య ఇదే జబ్బుతో ఎలా పోయిందో, ఎన్ని కుటుంబాలు అప్పుల్లో మునిగాయో మనకి తెలుసు కదా. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య రకాన్ని తెచ్చినప్పుడు మనం కూడా తల్లి రొయ్యల్ని చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టాకే హేచరీలకి, అంటే రొయ్య పిల్లల్ని తయారుచేసే కేంద్రాలకి వదిలాం.

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) 1995 నుంచి చెప్పేదీ ఇదే, ఏ దేశమైనా తన పంటని, పశువుని, మనిషిని కాపాడుకునే రూల్ పెట్టుకోవచ్చు, కాకపోతే దానికి సైన్స్ ఆధారం ఉండాలి, జబ్బు లేని ప్రాంతాన్ని విడిగా గుర్తించాలి. ట్రేడ్ అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదు.

2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేశాక వేరే మార్కెట్లు అర్జెంట్ అయ్యాయి, అక్టోబర్‌లో పొట్టు తీయని రొయ్యకి ఆస్ట్రేలియా ఒప్పుకుందని మంత్రి లోకేశ్ ప్రకటించారు. యూరప్‌ది ఇంకో గొడవ, అక్కడ జబ్బు కాదు, యాంటీబయాటిక్ అవశేషాలు, 2016లో మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో టెస్ట్ చేసేవాటిని 10 నుంచి 50 శాతానికి పెంచారు. రెండు చోట్లా లెక్క తేలేది చెరువు గట్టు మీదే, ఏ హేచరీ పిల్ల, ఏ మందు వేశారు, ఎప్పుడు టెస్ట్ చేయించారు అని అడుగుతారు. రెండెకరాల రైతుకి ఆ టెస్టు ఖర్చు, ఆ రికార్డుల పని ఎవరు భరిస్తారో ఒప్పందంతో పాటే తేల్చాలి.