మలాశయ కణితి లోతు: అల్ట్రాసౌండ్ లెక్క ఎందుకు తగ్గుతూ వచ్చింది?

1932లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పాథాలజిస్టు కత్‌బర్ట్ డ్యూక్స్ మలాశయ క్యాన్సర్‌ను ఏ, బీ, సీ దశలుగా విభజించారు. అయితే అది కోసి తీసిన భాగాన్ని పరీక్షించాక తేలే దశ. శస్త్రచికిత్సకు ముందు కణితి లోతును అంచనా వేయడానికి సర్జన్‌కు చాలాకాలం చేతి వేలే ఆధారం.

1985లో జర్మనీ వైద్యులు హిల్డెబ్రాంట్, ఫైఫెల్ మలద్వారం గుండా అల్ట్రాసౌండ్ ప్రోబ్ పంపి కణితి దశ చెప్పే పద్ధతిని ప్రతిపాదించారు. తెరపై మలాశయం గోడ తెలుపు, నలుపు మారి మారి వచ్చే ఐదు పొరలుగా కనిపిస్తుంది. బయటివైపు నల్లటి పొర కండరం. కణితి అందులోనే ఆగితే టీ2, దాటి కొవ్వులోకి వెళితే టీ3. తొలి నివేదికల్లో కచ్చితత్వం 80 నుంచి 95 శాతం దాకా కనిపించింది.

పరీక్ష నిపుణుల కేంద్రాలు దాటి మామూలు ఆసుపత్రులకు చేరాక ఆ అంకె నిలబడలేదు. 2002లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు 545 మంది అల్ట్రాసౌండ్ ఫలితాలను కోసి తీసిన భాగం పరీక్షతో పోల్చి చూస్తే లోతు విషయంలో 69 శాతం, లింఫ్ గ్రంథులకు వ్యాధి పాకిందా అన్న విషయంలో 64 శాతమే సరిపోయాయి. 2011లో జర్మనీలో ఏడు వేల మందికి పైగా రోగుల లెక్క తీస్తే లోతు సరిపోయింది దాదాపు 65 శాతం మందిలోనే. ఏటా 30కి పైగా పరీక్షలు చేసే ఆసుపత్రుల్లో అది 73 శాతం, పదీ అంతకన్నా తక్కువ చేసేచోట 63. చేసే చేతికి ఎంత అనుభవం ఉందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మంచి ఫలితాలే ఎక్కువగా అచ్చవుతున్నాయన్న సంగతిని 2005లో మరో విశ్లేషణ ఎత్తిచూపింది.

పొరపాటుకు మరో కారణం వాపు. కణితి చుట్టూ ఉన్న వాపు కూడా తెరపై నల్లగానే ఉంటుంది కాబట్టి టీ2 కాస్తా టీ3లా కనిపిస్తుంది.

దీని మూల్యం చెల్లించేది రోగి. 2004లో వెలువడిన జర్మన్ ట్రయల్‌లో ముందుగా శస్త్రచికిత్స చేసిన వర్గంలో 18 శాతం మందికి వ్యాధి అనుకున్నదానికన్నా తొలి దశలో ఉందని తేలింది. అలాంటివారే శస్త్రచికిత్సకు ముందే రేడియేషన్ ఇచ్చిన రెండో వర్గంలో పడి ఉంటే అవసరం లేని రేడియేషన్ భరించాల్సి వచ్చేది. దానివల్ల మలంపై పట్టు తగ్గడం, సంతాన సామర్థ్యం పోవడం చిన్న నష్టాలు కావు. సగటు కచ్చితత్వం కన్నా ఈ 18 శాతమే మనల్ని ఎక్కువగా కలవరపెట్టాలి.

2006లో ఎంఆర్‌ఐ స్కాన్ కచ్చితత్వాన్ని పరీక్షించిన మెర్క్యురీ అధ్యయనం వచ్చాక ఎంఆర్‌ఐ ముందుకొచ్చింది. మలాశయాన్ని చుట్టిన కొవ్వు అంచుకు కణితి ఎంత దగ్గరగా ఉందో అది చూపగలదు. కండరం దాకా చేరని టీ1ను, టీ2ను వేరు చేయడంలో మాత్రం తడబడుతుంది. అందుకే కణితిని మాత్రమే తొలగించి మలాశయాన్ని కాపాడవచ్చా అన్న ప్రశ్న వచ్చినప్పుడు నేటికీ అల్ట్రాసౌండ్ ప్రోబ్ వాడుతున్నారు.