టైమ్ ట్రావెల్ సూపర్‌హీరో సిరీస్‌లు: స్టోరీ రూమ్‌లో తరచూ వినే అపోహలు

వెబ్ సిరీస్‌లకు కథ, కంటిన్యుటీ చూసుకోవడం నా పని. నిర్మాతలు హైదరాబాద్‌లో ఉంటారు, నేను విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఆదివారాలు కొందరు కుర్ర రైటర్లు స్క్రిప్టులు పట్టుకొని వస్తుంటారు. ఈమధ్య వాళ్లు తెచ్చే సూపర్‌హీరో కథల్లో టైమ్ ట్రావెల్ లేనిది అరుదు. "ఆరో ఎపిసోడ్‌లో హీరో వెనక్కి వెళ్తాడు సార్, అక్కడి నుంచి మొత్తం మారిపోద్ది" అని చెప్పి, కష్టమైన పనంతా అయిపోయినట్టు కుర్చీలో వాలిపోతారు. నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

వాళ్లతో మాట్లాడేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే అపోహలు ఇవి. ఉదాహరణలు ఎక్కువగా 'ది ఫ్లాష్' నుంచే తీసుకున్నాను, మెరుపు వేగంతో పరిగెత్తే బ్యారీ అనే కుర్రాడు ఫ్లాష్‌గా మారే అమెరికన్ సిరీస్ అది. కాలంతో అన్నిసార్లు ఆడుకున్న సూపర్‌హీరో సిరీస్‌లు తక్కువ. బాగా ఎలా చేయాలో, ఎలా చేయకూడదో రెండూ అందులోనే దొరుకుతాయి. మలుపులన్నీ చెప్పేస్తాను, చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

అపోహ: కాలాన్ని వెనక్కి తిప్పితే రైటర్‌కి పని తేలిక. ఏ చిక్కుముడైనా రీసెట్ చేసేయొచ్చు.

వాస్తవం: పని రెట్టింపవుతుంది. 'ది ఫ్లాష్' మొదటి సీజన్ 15వ ఎపిసోడ్ చూడండి, 2015 మార్చిలో వచ్చింది. బ్యారీకి అండగా ఉన్నట్టు నటించే డాక్టర్ వెల్స్ అసలు రంగు బ్యారీ స్నేహితుడు సిస్కో కనిపెట్టేస్తాడు, వెల్స్ అతన్ని చంపేస్తాడు. నగరం మీదికి సునామీ వస్తుంటుంది. బ్యారీ ప్రేమించే ఐరిస్ మనసులో మాట అతనికి చెప్పేస్తుంది, బ్యారీయే ఫ్లాష్ అని కూడా ఆమెకు తెలిసిపోతుంది. సీజన్ చివరిదాకా దాచుకోవాల్సిన సరుకంతా ఒక్క ఎపిసోడ్‌లో ఖర్చు పెట్టేశారు. అలని ఆపడానికి తీరం వెంట అటూ ఇటూ పరిగెత్తిన బ్యారీ, ఆ వేగానికి ఒక రోజు వెనక్కి వెళ్లిపోతాడు. అంతే, జరిగినవేవీ జరగలేదు. సిస్కో బతికే ఉంటాడు, ఐరిస్‌కి ఏమీ తెలీదు.

చూసేవాడికి ఒళ్లు మండాలి. మండదు. ఎందుకంటే తను చచ్చిపోయిన క్షణం సిస్కోని పీడకలలా వెంటాడుతూ ఉంటుంది. వెల్స్ గుట్టు బయటపడటానికి ఆ కలలే పనికొస్తాయి. రైటర్లు ఆ రోజుని చెరిపేశారు గానీ ఒక మనిషిలో మిగిల్చారు.

అందుకే మా గోడమీద చార్టులో నాలుగు గడులు ఉంటాయి. పాత కాలంలో ఏం జరిగింది, కొత్త కాలంలో ఏం జరిగింది, పాతది ఎవరికి గుర్తుంది, గుర్తులేనివాళ్లకు అది ఎప్పుడు తెలుస్తుంది. మొదటి రెండూ కుర్రాళ్లు చకచకా నింపేస్తారు. మూడోదాని దగ్గర పెన్ను ఆగుతుంది. నాలుగోది ఖాళీగా ఉంటే ఆ స్క్రిప్టులోకి కథ ఇంకా రాలేదని నా లెక్క.

అపోహ: మారిపోయిన ప్రపంచాన్ని ఎంత ఎక్కువసేపు చూపిస్తే అంత కిక్కు.

వాస్తవం: కామిక్స్‌లో 'ఫ్లాష్‌పాయింట్' 2011లో వచ్చింది, చిన్నప్పుడు హత్యకు గురైన తల్లిని బ్యారీ గతంలోకి వెళ్లి కాపాడితే లోకమంతా మారిపోయే కథ. జెఫ్ జాన్స్ రచన, ఆండీ క్యూబర్ట్ బొమ్మలు, ప్రధాన కథ ఐదు సంచికలు. అది ముగిశాక ప్రచురణ సంస్థ డీసీ వాళ్లు తమ సూపర్‌హీరో పత్రికలన్నీ దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టారు. అందుకే 2016 మేలో రెండో సీజన్ ఆఖర్న బ్యారీ గతంలోకి వెళ్లి తల్లిని కాపాడగానే, తర్వాతి సీజనంతా ఆ కొత్త లోకంలోనే ఉంటుందని అభిమానులు అనుకున్నారు. అక్టోబర్‌లో వచ్చిన మొదటి ఎపిసోడ్‌తోనే ఆ లోకం ముగిసిపోయింది. చాలామంది తిట్టుకున్నారు.

నేను మాత్రం వాళ్లు చేసింది రైటే అంటాను. ప్రేక్షకుడు రెండేళ్లుగా కొందరు మనుషుల్ని ఇష్టపడుతూ వచ్చాడు. కొత్త లోకంలో అవే మొహాలు ఉంటాయి గానీ వాళ్లు అతనికి పరాయివాళ్లు. పరాయివాళ్ల గొడవల్ని ఎన్ని వారాలు చూస్తాడు? ఆ ఒక్క ఎపిసోడ్‌లో మాత్రం చేయాల్సింది చేశారు. అమ్మానాన్నలతో హాయిగా ఉన్న బ్యారీకి పాత జీవితం జ్ఞాపకం నుంచి కొంచెం కొంచెంగా జారిపోతుంటుంది. చివరికి, తను బంధించి ఉంచిన రివర్స్ ఫ్లాష్ దగ్గరికే వెళ్లి, మా అమ్మని మళ్లీ చంపు అని అడగాల్సి వస్తుంది. తల్లిని చంపినవాణ్ణి బతిమాలే హీరో! టైమ్ ట్రావెల్ లేకుండా ఇలాంటి సీన్ ఎవరూ రాయలేరు.

అసలు సీజన్ నడిచింది తిరిగొచ్చాక మిగిలిన మచ్చల మీద. ఐరిస్‌కీ ఆమె తండ్రి జోకీ మాటల్లేవు. ల్యాబ్‌లో జూలియన్ అనే కొత్త మనిషి బ్యారీ పక్కనే పనిచేస్తున్నాడు. సిస్కో అన్న డాంటే, తాగి కారు నడిపినవాడి వల్ల చనిపోయి ఉన్నాడు. నువ్వు వెనక్కి వెళ్లగలవు కదా, మా అన్నని కాపాడు అని సిస్కో అడుగుతాడు, బ్యారీ కుదరదంటాడు. బ్యారీ అమ్మ కోసం వెళ్లిరాకపోతే డాంటే బతికే ఉండేవాడన్న సంగతి సిస్కోకి అప్పటికి తెలీదు. కొన్ని ఎపిసోడ్ల తర్వాత తెలుస్తుంది. నేను చెప్పిన నాలుగో గడి ఇదే. ఆ సీజన్ రెండో సగం మరీ ఏడుపుగొట్టుగా తయారైందన్నది వేరే సంగతి. విలన్ సావిటార్ కూడా బ్యారీకే మరో రూపం అని తేలేసరికి నాకైతే ఓపిక అయిపోయింది.

అపోహ: ముందు సైన్స్ కరెక్ట్‌గా కుదరాలి.

వాస్తవం: సూత్రం ఏదైనా పర్లేదు, పెట్టుకున్నాక మాట తప్పకూడదు. 'ది ఫ్లాష్'లో గతాన్ని మారిస్తే ఉన్న కాలమే మారిపోతుంది. మార్వెల్ వాళ్ల 'లోకి' సిరీస్‌లో కాలం కొమ్మలుగా చీలుతుంది. రెండూ నడిచాయి. నడవంది ఎక్కడంటే, మొదటి సీజన్ చివర్లో ఎడ్డీ థాన్ తనని తాను కాల్చుకుంటాడు, తన వంశంలో పుట్టబోయే రివర్స్ ఫ్లాష్ అసలు పుట్టకుండా ఉండాలని. కళ్ల ముందే విలన్ మాయమవుతాడు. తర్వాతి సీజన్‌లో అదే విలన్ మళ్లీ ప్రత్యక్షం. వివరణ ఏదో చెప్పారు, అదీ అతుకుతుంది. కానీ ఎడ్డీ ప్రాణానికి విలువ లేకుండా పోయింది, దాన్ని ఏ వివరణా అతికించలేదు.

అపోహ: గతంలో చిన్నది మారినా ప్రపంచమంతా మారి తీరాలి, లేకపోతే లాజిక్ లేదంటారు.

వాస్తవం: ప్రపంచమంతా మార్చే బడ్జెట్ ఏ సిరీస్‌కీ ఉండదు. మార్చినా చూసేవాడికి పట్టదు. మారాల్సింది మనకు తెలిసిన నలుగురి బతుకు.

దీనికి నేనిచ్చే ఎక్సర్‌సైజ్ ఒకటుంది. 'ది ఫ్లాష్' మొదటి ఎపిసోడ్ అమెరికాలో 2014 అక్టోబర్ 7న వచ్చింది. ఐదు రోజులకు, 12వ తేదీ ఆదివారం మధ్యాహ్నం, హుద్‌హుద్ తుఫాను మన విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 170 కిలోమీటర్ల పైమాటే. మన హీరోకి బ్యారీ లాంటి శక్తులు ఉన్నాయనుకోండి. వెనక్కి వెళ్లి ఆ తుఫానుని సముద్రంలోనే చెదరగొట్టాడు. తిరిగొచ్చేసరికి ఏం మారింది?

అందరూ చెట్లతోనే మొదలుపెడతారు. కైలాసగిరి మీద చెట్లు, ఏయూ క్యాంపస్ చెట్లు, ఆ తర్వాత ఎయిర్‌పోర్ట్ పైకప్పు. నిజమే, కానీ చెట్లు గ్రాఫిక్స్ వాళ్ల ఖర్చు, అందులో డ్రామా లేదు. "ఊళ్లో ఎవరు లేకుండా పోయారు?" అని అడిగితే ఎవరూ పెదవి విప్పరు. ఒకసారి గాజువాక నుంచి వచ్చే అమ్మాయి అంది: "కరెంటు లేని రోజుల్లో జనరేటర్ ఉన్న షాపుల దగ్గర ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోడానికి క్యూ కట్టారు కదా సార్. హీరో అక్కా బావా కలిసింది ఆ క్యూలోనే అయితే ఏటవుద్ది?"

ఇంక కథ దానంతటదే నడిచింది. తుఫాను రాలేదు, క్యూ లేదు. అక్కకి వేరే ఊళ్లో సంబంధం కుదిరింది. రోజూ హీరో స్కూటీ మీద స్కూల్లో దింపే మేనకోడలు పుట్టనే లేదు. హీరో మాత్రం అలవాటుకొద్దీ బడి వదిలే టైమ్‌కి గేటు దగ్గరికి వెళ్లి నిలబడతాడు. ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసి పిల్ల పేరు చెబితే, "ఎవర్రా అది?" అంటుంది. ఇప్పుడు ఆ తుఫానుని మళ్లీ రానివ్వగలడా? అందులో పోయినవాళ్ల ఇళ్లు కూడా ఇదే ఊళ్లో ఉన్నాయి. సెట్ ఒక్కటి వేయకుండా మూడు ఎపిసోడ్ల సరుకు దొరికింది.

ఇదే పని అమెరికా వాళ్లు పక్క సిరీస్‌లో చేశారు. బ్యారీ చేసిన మార్పుకి 'యారో'లో హీరో స్నేహితుడు జాన్ డిగిల్ కూతురు సారా పోయి, ఆ స్థానంలో కొడుకు జాన్ జూనియర్ వచ్చాడు. డిగిల్‌కి ఏ తేడా తెలీదు, అతని దృష్టిలో ఎప్పుడూ ఉన్నది కొడుకే. నీకు ఒకప్పుడు కూతురు ఉండేది అని బ్యారీ చెప్పాల్సి వచ్చిన రోజున, ఒక షోలో చేసిన తప్పుకి ఇంకో షోలోని మనిషి మొహం పాలిపోయింది.

అపోహ: చచ్చినవాళ్లని బతికించుకోవచ్చని తెలిశాక, చావుకి బరువు ఉండదు.

వాస్తవం: ఇందులో చాలావరకు నిజం ఉంది, అందుకే పూర్తిగా అపోహ అనలేను. ధర కట్టకుండా బతికిస్తే నిజంగానే బరువు పోతుంది. ధర కట్టిన ఉదాహరణ 'స్మాల్‌విల్' నూరో ఎపిసోడ్, 2006 జనవరిలో వచ్చింది. కుర్ర వయసు సూపర్‌మ్యాన్ అయిన క్లార్క్ తన రహస్యం ప్రేయసి లానాకి చెప్పేస్తాడు, పెళ్లికి అడుగుతాడు. అదే రాత్రి ఆమె కారు ప్రమాదంలో చనిపోతుంది. అతను ఆ రోజుని వెనక్కి తిప్పించుకుంటాడు, బదులుగా ఇంకో ప్రాణం పోతుందని హెచ్చరిక ఉన్నా సరే. రెండోసారి ఆమెకు ఏమీ చెప్పడు. లానా బతుకుతుంది, తండ్రి జొనాథన్ గుండె ఆగిపోతుంది. ఆమె సంతోషంగా ఒప్పుకున్న ఆ పెళ్లి మాట ఆమెకే తెలియని విషయం అయిపోయింది. క్లార్క్ దాన్ని మోసుకొని తిరగాలి.

అపోహ: గతం నుంచి తెచ్చిన పాత్రతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: కొత్తగా మొదలుపెడితే పాత అభిమాని ఒప్పుకోడు. 2021లో వచ్చిన 'లోకి' హీరో 2012 సినిమా నాటివాడు, తర్వాతి సినిమాల్లో వచ్చిన మార్పు అతనిలో రాలేదు. అందుకని మొదటి ఎపిసోడ్‌లోనే అతన్ని కూర్చోబెట్టి, జరగాల్సిన అతని జీవితాన్ని తెర మీద చూపిస్తారు. తల్లి చావు, తన చావు రెండూ చూస్తాడు. బతకని ఏళ్లని అతను నిమిషాల్లో అనుభవించేశాడు. చాలా తెలివైన పని.

అపోహ: 'క్రైసిస్' లాంటి విశ్వాల కలయికలు, అంటే వేర్వేరు సిరీస్‌ల హీరోలు ఒకే కథలో కలవడం, అభిమానుల చప్పట్ల కోసమే.

వాస్తవం: చప్పట్లు సరే, దాని వెనక గుమాస్తా పని చాలా ఉంది. మార్వ్ వోల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్‌ల 1985 నాటి కామిక్‌ని తీసుకొని, 2019 డిసెంబర్ నుంచి 2020 జనవరి దాకా ఐదు సిరీస్‌ల మీదుగా ఐదు భాగాలుగా నడిపారు. అంతకుముందు సూపర్‌గర్ల్‌ది వేరే భూమి. ఫ్లాష్‌ని కలవాలంటే ప్రతిసారీ లోకాలు దాటాలి. కలయిక తర్వాత అందరిదీ ఒకే భూమి. సంవత్సరాల తరబడి పేరుకున్న చిక్కుల్ని ఒక్క దెబ్బకి సర్దేసుకున్నారు, డిగిల్‌కి కూతుర్ని కూడా తిరిగిచ్చేశారు. అక్కడా ముందు పడిన ఇబ్బంది జ్ఞాపకాలదే. కొత్త భూమి మీద దగ్గరివాళ్లకి పాతది గుర్తులేకపోతే షోలు ముందుకి నడవవు. అందుకని సూపర్‌గర్ల్ సిరీస్‌లోని జాన్ జోంజ్ అనే గ్రహాంతరవాసి మనసుల్లోకి వెళ్లి ఒక్కొక్కరికీ జ్ఞాపకాలు తిరిగి తెప్పిస్తాడు.

అపోహ: ఇవన్నీ మన జనానికి ఎక్కవు.

వాస్తవం: భాగవతం నవమ స్కంధంలో కకుద్మి కథ ఉంది. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట జరుగుతుంటే కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో కింద 27 మహాయుగాలు గడిచిపోయాయని, నువ్వు మనసులో అనుకున్నవాళ్లెవరూ ఇప్పుడు లేరని బ్రహ్మ నవ్వుతాడు. చివరికి ఆ పిల్లని బలరాముడికి ఇస్తారు. పాత లోకం గుర్తున్నది ఆ తండ్రీకూతుళ్లకే! 1991లోనే 'ఆదిత్య 369' మనల్ని రాయల కాలానికీ, 2504కీ తిప్పి తెచ్చింది. తల్లిని కాపాడుకోవడానికి కొడుకు వెనక్కి వెళ్లే 'ఒకే ఒక జీవితం' 2022లో వచ్చింది, అర్థం కాలేదని నాతో ఎవరూ అనలేదు.

మన ప్రేక్షకుడికి ఇబ్బంది వేరే ఉంది. బస్సులో ఫోన్ మీద చూస్తూ మధ్యలో ఒక ఎపిసోడ్ వదిలేస్తాడు, తిరిగొచ్చాక ఇది ఏ కాలమో తెలీదు. తెర మీద తేదీ వేస్తే చదవడు, రంగు మారిస్తే ఫోన్ బ్రైట్‌నెస్ అనుకుంటాడు. నేను చెప్పేది పిలుపు మార్చమని. నిన్నటిదాకా "ఒరే" అన్న స్నేహితుడు ఇవాళ "మీరు ఎవరండీ?" అంటే, ఏ కాలంలో ఉన్నామో అతనికి వెంటనే తెలిసిపోతుంది. ఆ డైలాగ్‌కి నిర్మాత అదనంగా పైసా పెట్టక్కర్లేదు.