గోడ గడియారంలో పళ్లచక్రాల లెక్క

సెల్లుతో నడిచే గోడ గడియారంలో మోటారు ఒక్కటే, ముళ్లు మాత్రం మూడు. సెకన్ల ముల్లు నిమిషానికో చుట్టు, నిమిషాల ముల్లు గంటకో చుట్టు, గంటల ముల్లు 12 గంటలకో చుట్టు తిరగాలి. ఒకే మోటారు నుంచి ఈ మూడు వేగాలూ రాబట్టేవి పళ్లచక్రాలు, అంటే గేర్లు.

ముందు మోటారు సంగతి. ఈ గడియారాల్లో మామూలుగా వాడే క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చిప్ ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒకటి మిగులుతుంది. అలా సెకనుకోసారి కరెంటు అందినప్పుడల్లా మోటారులోని చిన్న అయస్కాంతం అరచుట్టు తిరిగి ఆగుతుంది. నిమిషానికి 30 చుట్లన్నమాట.

10 పళ్ల చక్రం 60 పళ్ల చక్రాన్ని తిప్పుతోందనుకోండి. చిన్నదాని ఒక్కో పన్ను పెద్దదాని ఒక్కో పన్నునే జరపగలదు. కాబట్టి చిన్నది 6 చుట్లు తిరిగితేగాని పెద్దది ఒక చుట్టు పూర్తిచేయదు. బెల్టయితే కాస్త జారవచ్చు. పళ్లు విరగనంతవరకు, ఒకదాన్నొకటి వదలనంతవరకు గేర్ల లెక్క తప్పదు. గడియారానికి కావలసింది అదే.

మోటారు నుంచి సెకన్ల ముల్లుకు 30 రెట్లు, అక్కణ్ణుంచి నిమిషాల ముల్లుకు 60 రెట్లు, గంటల ముల్లుకు మరో 12 రెట్లు వేగం తగ్గాలి. గుణిస్తే 21,600. గంటల ముల్లు ఒక్క చుట్టు తిరిగేలోపు మోటారు అన్ని చుట్లు తిరుగుతుంది.

వీటిలో నిజంగా అందమైనది ఆఖరి 12 రెట్ల ఏర్పాటు. 10 పళ్ల చక్రంతో 120 పళ్ల చక్రాన్ని తిప్పితే చాలదా? చాలదు. ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, గంటల ముల్లు వెనక్కి నడుస్తుంది. పైగా రెండు ముళ్లూ ఒకే కేంద్రం చుట్టూ తిరగాలి. అందుకే పక్కన ఇంకో ఇరుసు పెడతారు. నిమిషాల ముల్లుతో తిరిగే 10 పళ్ల చక్రం పక్క ఇరుసు మీది 30 పళ్ల చక్రాన్ని తిప్పుతుంది: 3 రెట్లు. అదే ఇరుసుకు బిగించిన 8 పళ్ల చక్రం, మళ్లీ మధ్యలోనే ఉన్న 32 పళ్ల గంటల చక్రాన్ని తిప్పుతుంది: 4 రెట్లు. మూడు నాలుగులు పన్నెండు. దిశ రెండుసార్లు మారింది కనుక రెండు ముళ్లూ ఒకవైపే తిరుగుతాయి. 10, 30 కలిపితే 40; 8, 32 కలిపినా 40. పళ్ల సైజు ఒకటే అయినప్పుడు ఈ మొత్తాలు సమానంగా ఉంటేనే రెండు జతలూ ఆ రెండు ఇరుసుల మధ్య సరిగ్గా ఇముడుతాయి. పళ్ల సంఖ్యలు కంపెనీని బట్టి మారతాయి, 12 మాత్రం మారదు.

వేగం తగ్గినకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది. పొడవాటి నిమిషాల ముల్లును బలహీనమైన మోటారు తిప్పగలిగేది అందువల్లే. రాపిడి వల్ల ప్రతి జత దగ్గరా కొంత బలం పోతుంది. సెకన్ల ముల్లు మోటారుకు దగ్గర్లో ఉంది కాబట్టి దానికి దక్కే బలం తక్కువ. సెల్లు నీరసించినప్పుడు ఆ ముల్లు తరచుగా 9 అంకె దగ్గర కొట్టుకుంటూ ఉండిపోతుంది. అక్కడ అది అడ్డంగా ఉండి పైకెక్కాలి, దాని బరువు మోటారుకు ఎక్కువగా ఎదురు తిరిగేది ఆ చోటే. సెల్లు మార్చినా కదలకపోతే ముళ్లు ఒకదానికొకటి గానీ అద్దానికి గానీ రాసుకుంటున్నాయేమో చూడండి. కొబ్బరినూనె వేయకండి. అది చిక్కబడి దుమ్ము పట్టి పళ్ల సందులు పూడుస్తుంది. పన్నుకూ పన్నుకూ మధ్య కాస్త ఖాళీ ఉండి తీరాలి, లేకపోతే చక్రాలు బిగుసుకుపోతాయి. సెకన్ల ముల్లు ఆగినప్పుడల్లా కాస్త ఊగడానికి ఆ ఖాళీయే కారణం.

పాడైన గడియారం దొరికితే ముందు సెల్లు తీసేయండి. ముళ్లను నిటారుగా పైకి లాగండి. నిమిషాల ముల్లుకు నట్టు ఉంటే అది విప్పాలి. పెట్టె మూత క్లిప్పులు జరిపాక, చక్రాలు తీయకముందే ఫొటో తీసుకోండి. ఒక పన్నుకు పెన్నుతో గుర్తుపెట్టి లెక్కించండి. మోటారు తీగచుట్ట జోలికి పోకండి, ఆ తీగ చాలా సన్నం, ఇట్టే తెగుతుంది. తిరిగి బిగించేటప్పుడు గంటల ముల్లునూ నిమిషాల ముల్లునూ 12 మీదే పెట్టాలి. గంటల ముల్లు పక్కకు పడితే, నిమిషాల ముల్లు 12 మీదికి వచ్చిన ప్రతిసారీ అది అంకెల మధ్యే ఉంటుంది.