ఫ్లూ మందు, లొంగని వైరస్: అపోహలు – వాస్తవాలు

మన దేశంలో ఫ్లూ ఏటా రెండు విడతలుగా పెరుగుతుంది: వానలు పడ్డాక జూన్ నుంచి అక్టోబరు దాకా ఒకసారి, సంక్రాంతి ముందూ వెనుకా మొదలై మార్చి దాకా మరొకసారి. ఆ రెండు కాలాల్లోనూ మా ప్రయోగశాలకు స్వాబ్ నమూనాలతో పాటు ఒకే ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తుంది: "టామీఫ్లూ ఇచ్చాం, తగ్గలేదు, ఈ వైరస్ మందుకు లొంగనిదేనా?" ప్రశ్న న్యాయమైనదే. అయితే దాని వెనుక ఉన్న కొన్ని నమ్మకాలు తప్పు. ఫ్లూ వైరస్‌లలో మందు నిరోధకతను గమనించే పనిలో ఉన్నదాన్ని కనుక, నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఒక్కొక్కటిగా తీసుకుని వివరిస్తాను.

అపోహ: ఫ్లూ మందు ఎక్కువసార్లు వాడిన మనిషి ఒంట్లో నిరోధకత వస్తుంది, ఆ తర్వాత ఆ మనిషికి మందు పనిచేయదు.

ఈ అపోహలో సగం తప్పు మన మాటదే. ఒంట్లో ఉండే రక్షణను 'రోగనిరోధక శక్తి' అంటాం, మందుకు లొంగని వైరస్ గుణాన్నీ 'నిరోధకత' అనే అంటాం. ఒకటి మనకు మేలు చేసేది, మరొకటి వైరస్‌కు మేలు చేసేది. మందు నిరోధకత పూర్తిగా వైరస్ గుణం, దాని జన్యువులో జరిగే మార్పు ఫలితం. ఈ ఏడాది లొంగని వైరస్ సోకిన మనిషికి వచ్చే ఏడాది లొంగే వైరస్ సోకితే మందు మామూలుగానే పనిచేస్తుంది. అలాగే జీవితంలో ఒక్కసారి కూడా టామీఫ్లూ మింగని మనిషికి తొలిసారే లొంగని వైరస్ సోకవచ్చు. ఈ రెండో సంగతే మా పనికి మూలం. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

అపోహ: మందు వేసినా జ్వరం తగ్గలేదంటే వైరస్ లొంగనిదని అర్థం.

చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. ఒసెల్టమివిర్ (మన దగ్గర ఏ కంపెనీది అయినా అందరూ టామీఫ్లూ అనే పిలుస్తారు) లక్షణాలు మొదలైన 48 గంటల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. నాలుగో రోజున మొదలుపెట్టిన మందు ఆశించినంత ఫలితం ఇవ్వకపోవడానికి వైరస్‌లో మార్పే జరగనక్కరలేదు. ఫ్లూ మీద బాక్టీరియా న్యుమోనియా తోడైతే ఫ్లూ మందు దాన్ని తాకనైనా తాకదు. ఇక ఏడో రోజు పీసీఆర్ పాజిటివ్ వచ్చిందని ఆందోళన పడేవారికి చెప్పవలసింది ఏమిటంటే, పీసీఆర్ పట్టుకునేది వైరస్ ఆర్‌ఎన్‌ఏను మాత్రమే; అది బతికున్న వైరస్‌దో, శిథిలాలదో ఆ పరీక్ష చెప్పలేదు. ఆసుపత్రిలో మామూలుగా చేసే ఫ్లూ పీసీఆర్ వైరస్ ఉందా లేదా, ఉంటే ఏ రకం అన్నదే తేలుస్తుంది, మందుకు లొంగుతుందా అన్నది దాని పరిధిలో లేదు.

అయితే నిజంగా అనుమానించవలసిన రోగులు కొందరున్నారు. ఎముక మజ్జ మార్పిడి జరిగినవారు, కేన్సర్ చికిత్సలో ఉన్నవారు, ఇతర కారణాల వల్ల రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు వారాల తరబడి వైరస్‌ను విడుదల చేస్తూ ఉంటారు; వారిలో మందు నడుస్తుండగానే లొంగని వైరస్ పైకి రావడం వైద్యులకు తెలిసిన విషయమే. అటువంటి రోగి నుంచి మందు మొదలుపెట్టక ముందు తీసిన నమూనా ఒకటి, తర్వాత తీసినది ఒకటి పంపితే మార్పు ఎప్పుడు వచ్చిందో చెప్పగలం. ఆలస్యంగా తీసిన ఒక్క నమూనాతో, ఆ వైరస్ లొంగనిదిగానే సోకిందో, రోగి ఒంట్లో అలా మారిందో చెప్పడం సాధ్యం కాదు.

అపోహ: మందు విచ్చలవిడిగా వాడిన చోటే లొంగని వైరస్ పుడుతుంది, యాంటీబయాటిక్స్ విషయంలో జరిగినట్టే.

ఇది సహేతుకంగా వినిపించే అపోహ కనుక దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 2008 జనవరిలో నార్వే నుంచి ఒక వార్త వచ్చింది: అక్కడ ఆ చలికాలం తిరుగుతున్న సీజనల్ హెచ్1ఎన్1 (ఏటా తిరిగే ఫ్లూ రకాల్లో ఒకటి) వైరస్‌లలో అధిక భాగం ఒసెల్టమివిర్‌కు లొంగడం లేదు. సీజన్ ముగిసేసరికి పరీక్షించిన వాటిలో మూడింట రెండు వంతులు అలాంటివేనని తేలింది. నార్వేలో ఈ మందు వాడకం చాలా తక్కువ, ఆ రోగుల్లో మందు తీసుకున్నవారు దాదాపు లేరు. ప్రపంచంలో తలసరి వాడకం అన్ని దేశాలకంటే ఎక్కువగా ఉన్న జపాన్‌లో అదే సీజన్‌లో లొంగని హెచ్1ఎన్1 మూడు శాతం కూడా లేదు. మరుసటి సీజన్ నాటికి ఆ వైరసే ప్రపంచమంతా పరుచుకుంది. సీజనల్ హెచ్1ఎన్1 దాదాపు మొత్తం ఒసెల్టమివిర్‌కు లొంగనిదైపోయింది.

ఇది ఎలా సాధ్యమైంది? వైరస్ పైపొరలో న్యూరమినిడేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. కొత్తగా తయారైన వైరస్ కణాలను మన కణం నుంచి విడదీసి బయటికి పంపేది ఇదే. ఒసెల్టమివిర్ దాని పనిచేసే చోట ఇరుక్కుని అడ్డుపడుతుంది. అలా ఇరుక్కోవడానికి ఎంజైమ్‌లోని 277వ స్థానపు గ్లుటామిక్ ఆమ్లం (ప్రోటీన్‌లను కట్టే అమైనో ఆమ్లాల్లో ఒకటి) కాస్త పక్కకు తిరిగి చోటు ఇవ్వాలి. దానికి దగ్గర్లోనే 275వ స్థానంలో ఉన్న హిస్టిడిన్ పోయి మరో అమైనో ఆమ్లం టైరోసిన్ వస్తే ఆ తిరుగుడు కుదరదు, మందు సరిగా కూర్చోదు. దీన్నే మేము హెచ్275వై అంటాం (పాత పరిశోధన పత్రాల్లో 274 అని కనబడేది కూడా ఇదే, లెక్కపెట్టే పద్ధతి మాత్రమే వేరు). ఇదే ఎంజైమ్ మీద పనిచేసే మరో మందు జనమివిర్‌కు ఆ చోటు అవసరం లేదు కనుక ఈ మార్పున్న వైరస్ కూడా దానికి లొంగుతుంది; అదే కోవకు చెందిన పెరమివిర్‌కు మాత్రం సరిగా లొంగదు.

హెచ్275వై మార్పు వల్ల కణం ఉపరితలానికి చేరే న్యూరమినిడేస్ తగ్గుతుంది, వైరస్ బలహీనపడుతుంది. అందుకే 2007కు ముందు చాలామంది నిపుణులు ఇలాంటి వైరస్ జనంలో వ్యాపించజాలదని భావించారు. అయితే ఆ హెచ్1ఎన్1లో 222, 234 స్థానాల్లో అప్పటికే మరో రెండు మార్పులు వచ్చి చేరాయి. అవి ఎంజైమ్‌కు కలిగే నష్టాన్ని ముందే పూడ్చి పెట్టాయని 2010లో అమెరికాలోని కాల్టెక్‌కు చెందిన జెస్సీ బ్లూమ్, డేవిడ్ బాల్టిమోర్ బృందం చూపించింది. నష్టం తీరిపోయిన వైరస్‌కు మందు తోడ్పాటు అవసరం లేదు. మందే వాడని ఊళ్లో కూడా అది మిగతా వాటితో సమానంగా సోకుతుంది.

దీన్నిబట్టి మందు ఎలా వాడినా ఫర్వాలేదని అనుకోవద్దు. జ్వరం వచ్చిందని తోచిన మోతాదులో రెండు రోజులు వేసి మానేయడం, అప్పటికే ఫ్లూ సోకినవారికి నివారణ కోసం ఇచ్చే సగం మోతాదు సరిపెట్టడం, ఇవి రోగి ఒంట్లో లొంగని వైరస్‌కు దారి తీసే పనులే. 2017లో మన దేశంలో ఒసెల్టమివిర్‌ను షెడ్యూల్ హెచ్1లోకి మార్చారు. మెడికల్ షాపుల్లో దొరుకుతుంది గానీ డాక్టర్ చీటీ తప్పనిసరి, అమ్మకం వివరాలు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ నియమాన్ని షాపులూ, కొనేవారూ కచ్చితంగా పాటించాలనే నేను కోరుకుంటాను. అయితే వాడకాన్ని అదుపులో పెట్టినంత మాత్రాన నిఘా అక్కరలేదనుకోవడం పొరపాటు.

అపోహ: ఒకసారి లొంగనిదైన వైరస్ ఇక ఎప్పటికీ అలాగే ఉంటుంది.

కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు కాదు. 2009లో స్వైన్ ఫ్లూగా మనకు తెలిసిన కొత్త హెచ్1ఎన్1 వచ్చి, పాత సీజనల్ హెచ్1ఎన్1ను పూర్తిగా తరిమేసింది. మన దేశంలో దాని తొలి కేసు ఆ మే నెలలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది. కొత్త వైరస్ ఒసెల్టమివిర్‌కు లొంగుతుంది కనుక, ఏడాది క్రితం ప్రపంచాన్ని భయపెట్టిన నిరోధకత, దాన్ని మోస్తున్న వైరస్‌తో పాటే అంతరించింది. అదృష్టం తప్ప అందులో మన ప్రయత్నం ఏమీ లేదు.

అమంటడిన్, రిమంటడిన్ అనే పాత ఫ్లూ మందుల కథ ఇందుకు విరుద్ధం. వైరస్ ఎం2 ప్రోటీన్‌లో 31వ స్థానంలో ఒక్క మార్పు చాలు, ఈ రెండు మందులూ పనిచేయవు. 2004లో చైనా నుంచి వచ్చిన హెచ్3ఎన్2 (ఏటా తిరిగే మరో ఫ్లూ రకం) నమూనాల్లో 70 శాతానికి పైగా అలాంటివే. 2005–06 సీజన్‌లో అమెరికాలో అది 90 శాతం దాటడంతో, ఫ్లూకు ఈ మందులు వాడవద్దని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2006 జనవరిలో చెప్పింది. 2009 వైరస్ పుట్టుకతోనే ఆ మార్పును వెంట తెచ్చుకుంది. నేటికీ మనుషుల్లో తిరిగే 'ఫ్లూ ఏ' (హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 ఈ వర్గానివే) వైరస్‌లు దాదాపు అన్నిటిలోనూ అది ఉంది, మందు వాడకం ఆగి ఏళ్లు గడిచినా పోలేదు.

అపోహ: ఒక్క పరీక్షతో అన్ని మందుల సంగతీ తెలిసిపోతుంది.

న్యూరమినిడేస్ మందులకు మేము చేసే ముఖ్య పరీక్షలో, ఎంజైమ్ కోసినప్పుడు వెలుగునిచ్చే ఒక పదార్థాన్ని వైరస్‌కు అందించి, మందు గాఢతను మెట్టుమెట్టుగా పెంచుతూ పోతాం. వెలుగు సగానికి తగ్గిన చోట ఉన్న గాఢతే ఐసీ50. అదే రకానికి చెందిన మామూలు వైరస్‌ల ఐసీ50తో దాన్ని పోలుస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం పెట్టిన కొలమానం ప్రకారం, ఫ్లూ ఏ వైరస్‌లో పెరుగుదల పది రెట్లలోపు ఉంటే మామూలు, పది నుంచి వంద రెట్లయితే లొంగుబాటు తగ్గినట్టు, వంద దాటితే బాగా తగ్గినట్టు. ఫ్లూ బి వైరస్‌కు ఈ హద్దులు ఐదు, యాభై. ఇవి ప్రయోగశాల కొలతలు మాత్రమే. 2023 నుంచి ఐదు ఖండాల్లో కనబడిన ఒక జంట మార్పు (223, 247 స్థానాల్లో) ఒసెల్టమివిర్ ఐసీ50ని పది రెట్లకు కాస్త పైకి చేర్చింది; హెచ్275వై తెచ్చే వందల రెట్ల పెరుగుదలకూ దానికీ పోలిక లేదు. "లొంగుబాటు తగ్గింది" అని నివేదికలో రాసినంత మాత్రాన ఆ రోగికి మందు పనిచేయదని కాదు, అందుకే ఆ మాటను 'రెసిస్టెన్స్' అని ఫోనులో క్లుప్తం చేసి చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

2018లో జపాన్, అమెరికాల్లో అనుమతి పొందిన బలోక్సవిర్ న్యూరమినిడేస్‌ను తాకదు. వైరస్ తన జన్యువులను నకలు తీసుకునే యంత్రాంగంలోని పీఏ ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. దానికి పై పరీక్ష పనికిరాదు. పీఏలో 38వ స్థానాన్ని సీక్వెన్సింగ్‌తో (జన్యువును అక్షరం అక్షరంగా చదివే పద్ధతితో) చూడాలి, లేదా కణాల మీద వైరస్‌ను పెంచి పరీక్షించాలి. ఈ మందు తీసుకున్న పెద్దల్లో సుమారు పదిశాతం మందిలో, పిల్లల్లో ఐదో వంతుకు పైగా చికిత్స సమయంలోనే 38వ స్థానంలో మార్పు కనబడిందని అనుమతికి ముందు జరిగిన పరీక్షలే చూపించాయి. జనంలో తిరిగే వైరస్‌లలో మాత్రం అది ఇంతవరకూ చాలా అరుదు.

ప్రయోగశాలలో పెంచిన వైరస్ మనల్ని మోసం చేయడం కూడా ఉంది. హెచ్3ఎన్2ను కణాల్లో పెంచేటప్పుడు న్యూరమినిడేస్ 151వ స్థానంలో, రోగి నమూనాలో లేని మార్పులు పుట్టుకొస్తాయి. అందుకే అసాధారణ ఫలితం వచ్చినప్పుడు తొలి స్వాబ్‌ను నేరుగా సీక్వెన్సింగ్ చేసి చూడకుండా నివేదిక ఇవ్వకూడదు.

అపోహ: లొంగని వైరస్‌కు టీకా కూడా పనిచేయదు.

సంబంధం లేదు. టీకా ముఖ్యంగా హీమగ్లుటినిన్ అనే వేరే ప్రోటీన్ మీద ఆధారపడుతుంది. లొంగని వైరస్ సోకకుండా కాపాడుకోవడానికి కూడా టీకాయే ఆధారం.

అపోహ: లొంగనివి ఒకటి రెండు శాతమే కదా, ఇంత నిఘా ఎందుకు?

గత దశాబ్దపు ప్రపంచ నివేదికల్లో న్యూరమినిడేస్ మందులకు లొంగుబాటు తగ్గిన వైరస్‌లు ఏటా రెండు శాతం లోపే. ఆ సగటు వెనుక ఊళ్లు దాగి ఉంటాయి. 2011లో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ ప్రాంతంలో పరీక్షించిన 182 హెచ్1ఎన్1 నమూనాల్లో 29 హెచ్275వైతో కనబడ్డాయి, ఆ రోగుల్లో ముందుగా మందు తీసుకున్నవారు దాదాపు లేరు. 2013–14లో జపాన్‌లోని సపోరోలో మళ్లీ అలాంటి గుంపే బయటపడింది. రెండూ అక్కడితో ఆగాయి. 2008 నాటిది ఆగలేదు. మొదటి పదిమందిని చూసి ఏది ఆగుతుందో, ఏది ఆగదో ఎవరూ చెప్పలేరు కనుక, ప్రతి గుంపునూ మొదట్లోనే చూడగలగాలి. కోళ్లలోనూ గమనించాలి: 2024లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కొన్ని కోళ్ల ఫారాల హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ) వైరస్‌లో ఇదే హెచ్275వై కనబడింది. 2025 ఆరంభంలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ చూసినవారికి ఇది దూరపు వార్త కాకూడదు.

ఇందుకోసమే 1952 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ నిఘా ప్రయోగశాలల వల (నెట్‌వర్క్) ఒకటి నడుపుతోంది. మన దేశపు వైరస్‌లు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ ద్వారా అందులోకి చేరతాయి. ఆ వల బలం చివరికి స్వాబ్ తీసే చేతి మీద ఆధారపడి ఉంది. ఐసీయూ రోగుల నమూనాలే వస్తే, మందు తిన్నవారి వైరస్‌లే చూస్తాం. నార్వేలో జరిగినది మన ఊళ్లో జరిగినా మాకు కనబడదు. కనుక ఔట్‌పేషెంటు విభాగంలో మందు మొదలుపెట్టని రోగుల స్వాబ్‌లు కూడా పంపమని అడుగుతున్నాం. వాటిని మామూలు ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజుల్లోపు చేర్చండి; అంతకంటే ఆలస్యమయ్యేటట్లయితే మైనస్ 70 డిగ్రీలు కావాలి, ఫ్రీజరులోని మైనస్ 20లో పెడితే వైరస్ చచ్చిపోతుంది, పెంచి పరీక్షించడానికి ఏమీ మిగలదు. దరఖాస్తులో 'మందు మొదలుపెట్టిన తేదీ' అనే గడి ఉంటుంది. మందు ఇవ్వకపోతే 'ఇవ్వలేదు' అని రాయండి, ఖాళీగా వదలవద్దు: ఆ గడి ఖాళీగా వస్తే, అందులో హెచ్275వై కనబడినా అది మందు చేసిన మార్పో, ఊరంతా తిరుగుతున్న వైరసో మేము చెప్పలేం.